మన పనిముట్ల పెట్టె: లోపలి గొలుసు

క్రిందటి నెల కుట్టుమిషను బెల్టు గురించి వ్రాసినందుకు యిద్దరు ముగ్గురు అక్కచెల్లెళ్ళు మెచ్చుకుంటూ వుత్తరాలు వ్రాశారు. చాలా సంతోషం. యీ నెల మాత్రం అక్కచెల్లెళ్ళు నన్ను కాస్త మన్నించాలి. భివండీ నుంచి వొక సోదరుడు వ్రాసిన వుత్తరానికి జవాబు చెప్పక తప్పడం లేదు. అయినా వారూ చదివితే నష్టం లేదు. యింట్లో మోటారుసైకిలు మీద ఖర్చయ్యే ప్రతి రూపాయీ వంటింటి డబ్బాలోంచి వచ్చేదే కదా!

ఆ సోదరుని వుత్తరం సారాంశం యిది. వారి దగ్గర వొక పాత హీరో హోండా సి.డి. 100 వున్నది. ఇంజను స్టార్టు చేసి వదిలితే యెడమ ప్రక్కనుంచి గలగలమని చప్పుడు వస్తున్నది. గ్యారేజీలో చూపిస్తే, “టైమింగు చైను పోయింది, ఇంజను విప్పాలి, లేకపోతే బండిని తుక్కుకు వేసుకోండి” అన్నారట. “అయ్యా, ఆ గొలుసును బిగిస్తే సరిపోదా? బిగించే బోల్టు యెక్కడ వున్నదో చెప్పగలరా?” అని వారి ప్రశ్న.

యీ ప్రశ్న చదవగానే నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. యెందుకంటే సరిగ్గా యిదే ప్రశ్న వొకనాడు నాకు నేనే వేసుకున్నాను. జవాబు కూడా నేనే చెప్పుకున్నాను. ఆ జవాబు ఖరీదు యెంతయిందో తరువాత మనవి చేస్తాను.

ముందు ఆ గొలుసు సంగతి. బండి వెనుక చక్రాన్ని త్రిప్పే గొలుసు అందరికీ తెలుసు. అది బయట కనిపిస్తుంది, మట్టి కొట్టుకుంటుంది, మనం గ్రీజు పూస్తాం. యిది అది కాదు. యిది ఇంజను కడుపులో వుండే సన్నని గొలుసు. అడుగున క్రాంకు తిరుగుతుంది. హెడ్డులో కామ్ అనే చిన్న ఇరుసు తిరుగుతూ వాల్వులను తెరుస్తుంది, మూయనిస్తుంది. యీ రెంటినీ కలిపేదే యీ గొలుసు. దీనికి సరైన పేరు కామ్ చైను. మన సోలాపురంలో గానీ, భివండీలో గానీ, యే మిస్త్రీ నడిగినా టైమింగు చైను అనే అంటాడు. ఆ పేరూ తప్పు కాదు. వేళకు తెరవడం, వేళకు మూయడం దాని పని.

క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ వొక చుట్టు తిరగాలి. అందుకే పైనున్న పళ్ళచక్రానికి క్రిందిదానికన్న రెట్టింపు పళ్ళు వుంటాయి. ఇంజను నిమిషానికి 4,800 చుట్లు తిరుగుతున్నదనుకోండి. అంటే సెకనుకు 80 చుట్లు. కామ్ 40 చుట్లు. మనం “వొకటి” అని పలికేలోగా వొక్కొక్క వాల్వు 40 సార్లు తెరచుకొని మూసుకుంటుంది. యింత పనినీ నడిపించేది బొటనవ్రేలంత వెడల్పు కూడా లేని ఆ గొలుసు.

మన పెద్దలు నడిపిన బండ్లలో చాలావాటికి యీ బెడద లేదు. రాజదూత్‌కు, మైసూరులో తయారైన యెజ్డీకి వాల్వులూ లేవు, కామూ లేదు. అవి రెండు స్ట్రోకుల బండ్లు. పాత బుల్లెట్టుకు వాల్వులు వున్నా, కామ్‌లు క్రిందనే వుండి పళ్ళచక్రాలతో తిరుగుతాయి. అక్కడినుంచి పొడుగాటి కడ్డీలు పైకి వెళ్ళి వాల్వులను త్రోస్తాయి. మనవంటి సామాన్య కుటుంబాల వాకిళ్ళలోకి యీ లోపలి గొలుసు వచ్చింది ముఖ్యంగా 1985 తరువాతనే. 1984లో యేర్పడిన హీరో హోండా కంపెనీ 1985లో హర్యానాలోని ధారుహేడా కార్ఖానా నుంచి సి.డి. 100 విడుదల చేసింది. 97.2 సి.సి. ఇంజను, నాలుగు స్ట్రోకులు. అంతకుముందు పెట్రోలులో ఆయిలు కలిపి, పొగ మింగి అలవాటైన వారికి అది వింతగా వుండేది. చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు తాగదు.

మా బాపు 1989లో ఆ బండి కొన్నాడు. మేము మగ్గం మీద బ్రతికిన కుటుంబం. మా ముత్తాతల నాడు తెలంగాణం నుంచి సోలాపురం వచ్చి పూర్వభాగంలో స్థిరపడ్డాం. మా బాపు సాంచాల మీద చద్దర్లు నేసేవాడు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. మరో వూరి పాఠకుల కోసం చెబుతున్నాను. ఆ బండి మీదనే ఆయన షెడ్డుకు వెళ్ళేవాడు. ఆ బండి మీదనే నన్ను బడికి దింపేవాడు. నేను మెట్రిక్ ప్యాసై గుమాస్తా వుద్యోగంలో చేరినాక బండి నాకు యిచ్చాడు. యిచ్చేటప్పుడు వొకటే మాట అన్నాడు: “ఆయిలు యాళ్లకు మార్చు. తక్కినది అదే సూసుకుంటది.”

యిక నా తెలివితేటల సంగతి వినండి.

ఆయిలు మార్చడానికి గ్యారేజీకి వెళ్ళడం దండుగ అనిపించి, వొక ఆదివారం నేనే పానా పట్టుకొని బండి క్రిందకు దూరాను. ఇంజను అడుగున ఆయిలు దించే పెద్ద బోల్టు వుంటుంది. దానికి కొంచెం యెడమగా మరొక బోల్టు వుంటుంది. నాకు యెడమ బోల్టు చేతికి అందింది. విప్పాను. ఆయిలు కొంచెం కారింది. దానివెంట టపీమని వొక స్ప్రింగు, దాని వెనుక వేలెడు పొడుగు రాడ్డు గిన్నెలో పడ్డాయి. ఒక్క క్షణం నా గుండె కూడా గిన్నెలో పడింది. అటూ ఇటూ చూసి, రాడ్డు లోపల పెట్టి, స్ప్రింగు పెట్టి, బోల్టు బిగించాను. బండి స్టార్టయింది. దేవుడా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

యీ తప్పు నేనొక్కడినే చేయలేదని తరువాత తెలిసింది. ఆ తరహా హోండా ఇంజన్లు వున్న చోటల్లా ఆయిలు బోల్టు అనుకొని ఆ బోల్టు విప్పినవారు వున్నారు. అందుకే ముందే చెబుతున్నాను. ఆ చిన్న బోల్టు వెనుక వున్నదే గొలుసును సరిచేసే యేర్పాటు. దాన్ని టెన్షనరు అంటారు.

కొన్ని నెలలు గడిచాయి. పొద్దున చల్లగా స్టార్టు చేస్తే యెడమ ప్రక్కన గలగల మొదలైంది. భివండీ సోదరుడు వ్రాసినట్టే. నాకు ఆ స్ప్రింగు గుర్తుకు వచ్చింది. “ఓహో, స్ప్రింగు పాతబడి బలం తగ్గింది, గొలుసు వదులైంది” అనుకున్నాను. అంతవరకూ నా ఆలోచన సరిగానే వున్నది. కొత్త స్ప్రింగు కొంటే యీ వ్యాసమే వ్రాయవలసిన పని వుండేది కాదు. కాని ఆదివారం దుకాణం మూసి వున్నది. నా పెట్టెలో వాషర్లు వున్నాయి. రెండు వాషర్లు స్ప్రింగు క్రింద పెట్టి బోల్టు బిగించాను. స్ప్రింగు గట్టిగా అదిమినట్టయింది.

చప్పుడు మాయం! నేను గుమాస్తాను కాదు, ఇంజనీరును అనిపించింది. మా అబ్బాయిని పిలిచి వినమన్నాను. వాడు, “కొత్త బండి లెక్క వుంది నాన్నా” అన్నాడు. ఆ రోజు భోజనం రెండు ముద్దలు యెక్కువ తిన్నాను.

ఆ సంతోషం నాలుగైదు నెలలు వున్నది. తరువాత సన్నని కూత వొకటి మొదలైంది. గలగల కాదు. బండి వేగం పెరిగిన కొద్దీ కూయ్ మని పెరిగేది. బజారు రొదలో వినిపించదు కాబట్టి, లేదనుకున్నాను. మనిషికి యిష్టం లేని మాట వినిపించకపోవడం పెద్ద వింత కాదు కదా.

మా బాపుకు నిజంగానే వినిపించదు. నలభయి యేండ్లు సాంచాల షెడ్డులో పనిచేసిన చెవులవి. ఆ షెడ్డులో ప్రక్కవాడు అరచినా వినిపించదు. అందరూ సైగలతో మాట్లాడుకుంటారు. యిప్పుడు యింట్లో కూడా మేము ఆయన యెదుట నిలబడి, పెదవులు కనిపించేటట్టు మాట్లాడాలి. అలాంటి మనిషి వొక సాయంత్రం నేను బండి ఆపుతుంటే వాకిట్లోకి వచ్చి, ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. వేడిగా వున్నదని నేను చెయ్యి లాగబోయాను. ఆయన వినలేదు. స్క్రూడ్రైవరు తెమ్మని సైగ చేశాడు. దాని మొన ఇంజనుకు ఆనించి, పిడిని వేళ్ళతో పట్టుకొని కాసేపు కండ్లు మూసుకున్నాడు.

“సన్నగ వణుకుతున్నది. మునుపు గిట్ల లేకుండె. ఎవలన్న దీన్ని ముట్టిన్రా?” అన్నాడు.

“లేదు బాపూ” అన్నాను.

నలభయి దాటిన మనిషిని. కొడుకు వున్నవాడిని. తండ్రి యెదుట నిలబడి రెండు వాషర్ల కోసం అబద్ధం చెప్పాను. ఆయన నా పెదవులు చూసి తల వూపి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే ఆయిలు మార్చినప్పుడు, ఈసారి సరైన బోల్టే విప్పాను లెండి, గిన్నె అడుగున నల్లని రబ్బరు తునకలు కనిపించాయి. వేళ్ళతో నలిపి చూశాను. నలగలేదు. యిక దాచి లాభం లేదని బండిని గ్యారేజీకి తోసుకొని వెళ్ళాను. మా బాపు కూడా వస్తానని బయలుదేరాడు. వద్దనలేకపోయాను.

మిస్త్రీ హెడ్డు విప్పాడు, సిలిండరు దింపాడు. గొలుసును దారిలో పెట్టే రబ్బరు చక్రం వొకటి కొరికి వేసినట్టు అయిపోయింది. టెన్షనరు చివరి చక్రం కూడా అరిగింది. గొలుసు సాగింది. పళ్ళచక్రం పళ్ళు కొక్కేల మాదిరి వంగినట్టు అరిగాయి. చివరకు అడుగు బోల్టు విప్పాడు. స్ప్రింగు వెంట నా వాషర్లు రెండూ రాలి, బల్ల మీద దొర్లి, మా బాపు యెదుట ఆగాయి.

మిస్త్రీ నవ్వాడు. “కొండనాలుకకు మందేస్తే వున్న నాలుక వూడింది” అనే సామెతకు మరాఠీలో సమానమైనది వొకటి వుంటే ఆ రోజు తప్పక వాడి వుండేవాడు. మా బాపు మాత్రం నవ్వలేదు. వాషరు వొకటి చేతిలోకి తీసుకొని చూసి, జేబులో వేసుకున్నాడు. ఆ రోజు గ్యారేజీలో నేను లెక్కపెట్టి యిచ్చిన డబ్బు మా అబ్బాయి పరీక్ష ఫీజుకని మా ఆవిడ దాచినది. రెండు వాషర్ల ఖర్చు అంత!

యింటికి వచ్చినాక తిడతాడని యెదురు చూశాను. తిట్టలేదు. చాయ్ తాగుతూ తన సంగతి చెప్పాడు.

సాంచా మీద పడుగు చుట్టిన బీము వెనుక వుంటుంది. నేసిన కొద్దీ అది మెల్లగా విప్పుకుంటూ రావాలి. వూరికే వదిలితే దారం వదులై చిక్కుపడుతుంది. అందుకని బీము చివర గొలుసు చుట్టి, ఆ గొలుసుకు లీవరు మీదుగా బరువు వ్రేలాడదీస్తారు. ఆ బరువు పట్టినంతసేపు దారం బిగువుగా వుంటుంది. బిగువు మించితే బీము కొంచెం జారి దారం వదులుతుంది. “నేను కొత్తగ పనిల జేరినప్పుడు, గుడ్డ గట్టిగ వస్తదని ఇంకో బరువు ఏలాడదీసిన. బీము సగం తరిగినంక పడుగంత పటపట తెగింది. ఆ వారం కూలి పట్టుకున్నరు. మా నాయినకు చెప్పలే” అన్నాడు. కాసేపు ఆగి, “బీము తరిగిన కొద్ది బరువు తగ్గియ్యాలె బిడ్డా, పెంచుడు గాదు” అన్నాడు.

ఆ “చెప్పలే” అన్న మాట నా కోసమే అన్నాడని నాకు తెలుసు. నా తప్పు గురించి అంతకు మించి యెన్నడూ అడగలేదు.

మరాఠీలో దారం బిగువునూ, మనసు మీది వొత్తిడినీ కూడా వొకే మాటతో “తాణ్” అంటారు. యెన్నో యేండ్లుగా రెండు భాషలూ మాట్లాడుతున్నా, ఆ మాటలోని సొగసు నాకు ఆ సాయంత్రం తెలిసింది. మన తెలుగులో వున్న “తెగేదాకా లాగవద్దు” అనే సామెత కూడా బహుశా మగ్గం దగ్గర కూర్చున్న మనిషే చెప్పి వుంటాడు.

యిక భివండీ సోదరునికి జవాబు. మీరు అడిగిన “బిగించే బోల్టు” మీ బండికి లేదు. అక్కడ వున్నది బిగించే యేర్పాటు కాదు, తగినంత మాత్రమే తీసుకునే యేర్పాటు. స్ప్రింగు రాడ్డును నెడుతుంది. రాడ్డు వొక చేతిని నెడుతుంది. ఆ చేతి చివరి చక్రం గొలుసును ఆనుకొని వుంటుంది. రాడ్డు వెనుక ఇంజను ఆయిలు నిండి వుంటుంది. ముందుకు వెళ్ళడానికి అది సులువుగా దారి యిస్తుంది, వెనుకకు రావడానికి నెమ్మదిగా యిస్తుంది. గొలుసు వుయ్యాల వూగకుండా ఆపేది ఆ ఆయిలే. స్ప్రింగుకు కొద్దిపాటి బలమే యెందుకు పెట్టారో యిప్పుడు మీకు తెలుస్తుంది. తక్కిన పని ఆయిలుది. అందుకే మా బాపు “ఆయిలు యాళ్లకు మార్చు, తక్కినది అదే సూసుకుంటది” అన్నాడు.

కాబట్టి ఇంజను విప్పించే ముందు మీరు వరుసగా చూడవలసినవి యివి.

మొదటిది, ఆయిలు. మట్టం చూడండి. తక్కువైనా, నల్లబడి నీళ్ళవలె పలచనైనా, ముందు మార్చండి. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోయండి. సగం చప్పుళ్ళు యిక్కడే పోతాయి.

రెండవది, చప్పుడు యెక్కడిదో తేల్చుకోండి. వాల్వుల ట్యాపెట్లు వదులైతే టిక్కుటిక్కుమని గడియారం మాదిరి క్రమంగా వినిపిస్తుంది, హెడ్డు దగ్గర వినిపిస్తుంది. గొలుసు చప్పుడు గలగల, క్రమం వుండదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, రేసు యిచ్చి వదిలినప్పుడు యెడమ ప్రక్కన యెక్కువ వినిపిస్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. తిరిగే భాగాలకు, వేడి సైలెన్సరుకు దూరంగా వుండండి. ట్యాపెట్టు సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా వుండదు. ఇంజను చల్లగా వున్నప్పుడు పుస్తకంలోని కొలత ప్రకారం ఫీలరు గేజీతో చూడాలి. ట్యాపెట్టు చప్పుడును గొలుసు చప్పుడనుకొని ఇంజను విప్పించుకున్నవారు వున్నారు.

మూడవది, టెన్షనరు. ఇంజను చల్లారినాక, ఆయిలు దించినాక, చిన్న బోల్టును మెల్లగా విప్పండి. క్రింద చెయ్యి పెట్టి స్ప్రింగునూ రాడ్డునూ పట్టుకోండి. రాడ్డు రంధ్రంలో యే అడ్డూ లేకుండా జారాలి. జిగట పట్టి వుంటే శుభ్రం చేయండి. దాని తలమీద రబ్బరు అరిగిందేమో చూడండి. స్ప్రింగును కొత్త స్ప్రింగు ప్రక్కన నిలబెట్టండి. పొట్టిగా వుంటే మార్చండి. బోల్టు క్రింది సీలు వాషరు కూడా కొత్తది వేయండి. అది వొక్కటే అక్కడ వుండవలసిన వాషరు! బిగించేటప్పుడు బలం చూపవద్దు. ఇంజను అల్యూమినియంతో చేసినది. మరలు చెడితే ఆ రిపేరు గొలుసు కన్న పెద్దది. తరువాత ఆయిలు పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి, అప్పుడు వినండి. కొత్త ఆయిలు ఆ గదిలోకి నిండడానికి కొంచెం సేపు పడుతుంది.

నాలుగవది, యివన్నీ చేసినా గలగల పోకపోతే, గొలుసు వయసు అయిపోయినదన్నమాట. గొలుసు సాగింది అంటాం గాని, యినుము రబ్బరు వలె సాగదు. వొక్కొక్క లింకులోని పిన్నూ, దాని బుష్షూ వెంట్రుక వాసి చొప్పున అరుగుతాయి. అన్ని లింకుల అరుగుదలా కలిసి గొలుసు పొడుగు పెరుగుతుంది. పొడుగు పెరిగిన గొలుసుతో కామ్ కొంచెం వెనుకబడి తిరుగుతుంది. వాల్వులు ఆలస్యంగా తెరచుకుంటాయి. బండి లాగడం తగ్గుతుంది. యింకా వదిలేస్తే వొకనాడు గొలుసు పన్ను దాటవచ్చు. అప్పుడు బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వు వెళ్ళి పిస్టనుకు తగిలి వంగిపోతుంది కూడా. కనుక ఆ స్థితిలో గ్యారేజీ వారు ఇంజను విప్పాలనడం మోసం కాదు. అయితే గొలుసు వొక్కటే కాక, పళ్ళచక్రాలూ, రబ్బరు చక్రాలూ కలిపి మార్పించండి. పాత పళ్ళ మీద కొత్త గొలుసు వేస్తే అది త్వరగా అరుగుతుంది.

మన పాఠకులలో కొందరి దగ్గర వేరే రకం బండ్లు వుండవచ్చు. 1968లో వచ్చిన హోండా సి.బి. 350, 1969లో వచ్చిన సి.బి. 750 వంటి పాత హోండాలను ముచ్చటకు వుంచుకున్నవారు వున్నారు. వాటికి టెన్షనరుకు బయట బోల్టూ, దాని మీద లాకు నట్టూ వుంటాయి. అది చూసి “యిదిగో బిగించే బోల్టు” అని పొంగిపోవద్దు. అది బిగించేది కాదు, ఆపేది. పుస్తకంలో చెప్పినట్టు క్రాంకును సరైన చోటికి త్రిప్పి, నట్టు వదలి, బోల్టు వదిలితే లోపలి స్ప్రింగు తనకు కావలసినంత తానే ముందుకు వెళ్ళి గొలుసును తీసుకుంటుంది. తరువాత బోల్టు, నట్టు బిగించి అక్కడే ఆపాలి. అంతే. స్క్రూడ్రైవరుతో లోపలికి త్రోస్తే నా రబ్బరు చక్రాలకు పట్టిన గతే పడుతుంది.

యీ మధ్యకాలపు బండ్లలో చాలావాటికి సిలిండరు వెనుక వొక చిన్న పెట్టె వుంటుంది. లోపల వొంటిదారి పళ్ళు వుంటాయి. ముందుకు వెళ్ళిన రాడ్డు దానంతటది వెనుకకు రాదు. ఆ పెట్టెను వేడుక కోసం విప్పవద్దు. విప్పితే, రాడ్డును మొదట వెనుకకు తీసుకొని మళ్ళీ బిగించాలి. అది విప్పి వున్నప్పుడు కిక్కు కొట్టకూడదు. ఇంజనును త్రిప్పకూడదు. ఆ క్షణంలో గొలుసును పట్టుకునేవారు యెవరూ లేరు. పన్ను దాటుతుంది.

యే రకమైనా సూత్రం వొకటే. గొలుసును మనం లాగము. దానికి తగినంత తీసుకునే స్ప్రింగు వున్నది. ఆ స్ప్రింగుకు అడ్డం లేకుండా చూడడం మన పని. చప్పుడు పోయిందా లేదా అన్నది వొక్కటే పరీక్ష కాదు. బిగువు మించినప్పుడు కూడా చప్పుడు పోతుంది. నా బండి అత్యంత నిశ్శబ్దంగా వున్న ఆ నాలుగు నెలలే దాని రబ్బరు చక్రాలు తినివేయబడిన నెలలు.

తుక్కుకు వేయమన్న సలహా గురించి వొక మాట. బండి పాతదైతే 15 యేండ్లకు, ఆ తరువాత 5 యేండ్లకొకసారి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి. ఆ ఖర్చూ, రిపేరు ఖర్చూ కలిపి కాగితం మీద వేసుకొని, అప్పుడు నిర్ణయించుకోండి. నేను గుమాస్తాను కనుక లెక్క వేయకుండా వొక మాట చెప్పలేను. నా లెక్కలో బండి వుంచుకోవడానికే మొగ్గు వచ్చింది. ఆ లెక్కలో మా బాపు పేరు కూడా వొక పద్దు క్రింద వ్రాసుకున్నానని వొప్పుకుంటాను.

కొత్త గొలుసు వేసినాక వచ్చిన నూలి పున్నమ నాడు మార్కండేయస్వామి రథోత్సవం చూడడానికి మా బాపును అదే బండి వెనుక కూర్చోబెట్టుకొని బయలుదేరాను. స్టార్టు చేయగానే, “ఉండు” అన్నట్టు నా భుజం తట్టాడు. దిగి, వంగి, ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. నేను ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాను. మెట్రిక్ ఫలితాల నాడు కూడా అంత భయపడలేదు.

“మంచిగున్నది” అని యెక్కి కూర్చున్నాడు.

ఆ వాషరు యింకా ఆయన అద్దాల డబ్బాలో వున్నది. నేను అడగలేదు. ఆయన యివ్వలేదు.

భివండీ సోదరుడు ఆయిలు మార్చి, స్ప్రింగు చూసి, చప్పుడు యేమయిందో మన పత్రికకు తప్పక వ్రాయాలని కోరుతున్నాను. చిన్న బోల్టు విప్పేటప్పుడు గిన్నె పెట్టడం మరువవద్దు. వాషర్ల డబ్బాను ఆ రోజుకు యింటి ఆడవారి దగ్గర దాచిపెట్టమనండి. వచ్చే నెల అక్కచెల్లెళ్ళ కోరిక మేరకు ప్రెషరు కుక్కరు రబ్బరు, దాని విజిలు, సేఫ్టీ వాల్వుల గురించి మనవి చేస్తాను. అంతవరకు సెలవు.